అలాస్కాకు తొలి ఓడ ప్రయాణం: కుటుంబానికి తగిన దారిని, ఓడను ఎంచుకోవడం ఎలా

అలాస్కాకు క్రూజ్‌లో వెళ్దామనుకునే కుటుంబాల్లో ఎక్కువమంది ముందుగా ఓడల ఫొటోలు చూస్తారు. ఏ ఓడలో పిల్లలకు ఆటలు ఎక్కువ ఉన్నాయి, ఎవరు ఎంత తగ్గింపు ఇస్తున్నారు అని పోల్చి, నచ్చినదానికి డబ్బు కట్టి, ఆ తరువాత అది ఏయే రేవుల్లో ఆగుతుందో చూసుకుంటారు. కరీబియన్ దీవుల వైపు వెళ్లేటప్పుడు ఈ వరుసలో పెద్ద తప్పు లేదు, ఎందుకంటే అక్కడ ఓడే సగం విహారం. అలాస్కాకు మాత్రం ఈ వరుసను తిరగేయాలి. మంచు కొండలను, తిమింగలాలను ఎంత దగ్గరగా, ఎంతసేపు చూడగలమన్నది ఓడ వెళ్లే దారిని బట్టి ఉంటుంది. ఆ దారిని ఎంచుకునే స్వేచ్ఛ ఎంత ఉందన్నది ఇంట్లో ఎవరి చేతిలో ఏ పాస్‌పోర్టు, ఏ వీసా ఉన్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో స్థిరపడి, ఆంధ్ర నుంచో తెలంగాణ నుంచో వచ్చిన తల్లిదండ్రులను, చిన్నపిల్లలను వెంటబెట్టుకుని మొదటిసారి బయలుదేరే కుటుంబాన్ని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

మొదట కాగితాలు

"సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగుతున్నాం, అలాస్కా కూడా అమెరికాయే, ఇక కెనడా వీసాతో పనేముంది?" అని చాలామంది అడుగుతారు. పని ఉంది. దాని వెనక 1886 నాటి అమెరికా చట్టం ఒకటి ఉంది. విదేశీ జెండా కింద నడిచే ఓడ అమెరికా రేవులో ప్రయాణికులను ఎక్కించుకుని, మధ్యలో ఏ విదేశీ రేవునూ తాకకుండా వారిని తిరిగి అమెరికాలో దించకూడదని ఆ చట్టం చెబుతుంది. అలాస్కాకు వెళ్లే పెద్ద ఓడలన్నీ బహామాస్, బెర్ముడా, నెదర్లాండ్స్ వంటి దేశాల్లో నమోదైనవే. అందుకే సియాటిల్ నుంచి వెళ్లే ఓడలు దాదాపు ఎప్పుడూ కెనడాలోని విక్టోరియాలో, చాలాసార్లు సాయంత్రం కొన్ని గంటలపాటు, ఆగుతాయి. మీరు అక్కడ దిగకుండా గదిలోనే పడుకున్నా సరే, ఓడ కెనడాలో ప్రవేశించినట్టే లెక్క.

భారతీయ పాస్‌పోర్టుతో విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు, హెచ్-1బి, హెచ్-4 వీసాల మీద ఉన్నవారికి కెనడా విజిటర్ వీసా కావాలి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆ వీసా అక్కరలేదు. చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు రెండూ చేతిలో ఉంటే చాలు. అమెరికా పౌరులైన పిల్లలకు చిక్కే లేదు. అంటే ఒకే ఇంట్లో నలుగురికి నాలుగు రకాల నియమాలు వర్తించవచ్చు. అందరిలో ఎవరి కాగితాలు బలహీనంగా ఉన్నాయో వారిని బట్టి ప్రయాణం నిర్ణయించుకోవాలి. ఓడ ఎక్కే రేవులో కౌంటరు దగ్గర అమ్మానాన్నలను ఆపేస్తే, ఆ క్షణాన చేయగలిగిందేమీ ఉండదు, కట్టిన డబ్బూ తిరిగి రాదు.

కెనడా వీసాకు వేలిముద్రలు ఇవ్వాలి, పాస్‌పోర్టు పంపాలి, ఎదురుచూడాలి. తల్లిదండ్రులు ఇంకా ఇండియాలో ఉండగానే, అమెరికా టికెట్లు కొనేటప్పుడే దీనికి కూడా దరఖాస్తు చేయించడం అన్నిటికన్నా సుఖమైన మార్గం. వాంకూవర్‌లో ఎక్కి వాంకూవర్‌లోనే దిగేట్టయితే కెనడాలోకి రెండుసార్లు ప్రవేశిస్తారు కనుక, వీసా ఒకటికి మించిన ప్రవేశాలకు పనికివస్తుందో లేదో చూసుకోండి. పాస్‌పోర్టులో అమెరికా వీసా ముద్ర గడువు తీరిపోయి, అమెరికాలో ఎంతకాలం ఉండవచ్చో చూపే ఐ-94 పత్రం మాత్రం చెల్లుబాటులో ఉన్నవారు కెనడాకు 30 రోజుల లోపు వెళ్లి తిరిగి రావడానికి ఒక వెసులుబాటు నియమం ఉంది. అయితే దాన్ని మీ సొంత లెక్కతో నమ్ముకోకుండా, ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడిగి, ఓడ కంపెనీ నుంచి రాతపూర్వకంగా సమాధానం తెప్పించుకోండి. తల్లి గానీ తండ్రి గానీ ఒక్కరే పిల్లలను తీసుకువెళ్తుంటే, రెండోవారి అంగీకారపత్రం వెంట ఉంచుకోవాలి.

కెనడా వీసా కుదరకపోతే అలాస్కా మూసుకుపోయినట్టు కాదు. జూనో నుంచి బయలుదేరి అలాస్కా జలాల్లోనే తిరిగే అమెరికా జెండా చిన్న ఓడలు ఉన్నాయి. అవి ఖరీదైనవి, పసిపిల్లలకు అంతగా తగినవి కావు. వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్ నుంచి అలాస్కా ప్రభుత్వం నడిపే ఫెర్రీలు నేరుగా అలాస్కాలోని కెచికాన్‌కు వెళ్తాయి. విలాసాలేమీ ఉండవు గానీ, కిటికీలోంచి కనిపించే కొండలు మాత్రం అవే.

దారి

పెద్ద ఓడల దారులు ప్రధానంగా మూడు. మొదటిది సియాటిల్‌లో మొదలై అక్కడికే తిరిగి వచ్చే 7 రాత్రుల ప్రయాణం. రెండోది వాంకూవర్ నుంచి అదే తీరులో సాగేది. మూడోది వాంకూవర్‌కూ, ఆంకరేజ్ సమీపంలోని విట్టియర్ లేదా సీవర్డ్ రేవులకూ మధ్య ఒకవైపు మాత్రమే నడిచేది.

సియాటిల్, వాంకూవర్ పటంలో పక్కపక్కనే కనిపిస్తాయి, కానీ వాటి నుంచి బయలుదేరే దారులకు తేడా ఉంది. వాంకూవర్ ఓడలు వాంకూవర్ ద్వీపానికి తూర్పున, రెండు వైపులా అడవి కమ్మిన కొండల నడుమ ఉన్న సన్నని నీటి దారిలో వెళ్తాయి. ఇన్‌సైడ్ పాసేజ్, అంటే లోపలి దారి, అనే పేరుకు తగిన దారి అది. నీరు చాలావరకు నిలకడగా ఉంటుంది, మొదటి రోజు నుంచే చూడటానికి తీరం ఉంటుంది. సియాటిల్ ఓడలు ఎక్కువగా అదే ద్వీపానికి పడమరన, అడ్డులేని పసిఫిక్‌లో వెళ్తాయి. ఆ ఒకటిన్నర రోజు సముద్రం ఊగిస్తే, ఎప్పుడూ ఓడ ఎక్కని పెద్దవారికి ప్రయాణం కడుపులో తిప్పటంతో మొదలవుతుంది. కాగితాలు అనుకూలిస్తే తొలి ప్రయాణానికి వాంకూవర్‌నే ఎంచుకోమని నా సలహా. సియాటిల్‌కు ఉన్న సౌకర్యాలు వేరు: విమానాలు ఎక్కువ, ధరలు తరచుగా తక్కువ, పెద్ద ఆటల ఓడలు ఎక్కువగా అక్కడి నుంచే బయలుదేరతాయి. పైగా పక్కనే ఉన్న బెల్‌వ్యూ, రెడ్‌మండ్ ప్రాంతాల్లో మనవాళ్ల ఇళ్లు లేని తెలుగు కుటుంబాలు తక్కువ, కాబట్టి ముందురోజు రాత్రి బసకు చోటు దొరుకుతుంది. ఎక్కడి నుంచి ఎక్కినా ముందురోజే ఆ ఊరు చేరుకోవాలి. విమానం ఆలస్యమైందని ఓడ ఆగదు.

ఒకవైపు ప్రయాణం అందమైనదే. దిగాక రైల్లోనో బస్సులోనో లోపలికి వెళ్లి, 20,310 అడుగుల డెనాలి శిఖరం ఉన్న జాతీయ ఉద్యానవనాన్ని చూడవచ్చు. అయితే ఇందుకు 10 నుంచి 12 రోజుల సెలవు కావాలి, రోజూ పెట్టెలు సర్దాలి, రెండు వేర్వేరు ఊళ్లకు విమాన టికెట్లు కొనాలి. నాలుగేళ్ల పాపను, మోకాళ్ల నొప్పులున్న నానమ్మను కలిపి తీసుకువెళ్లే తొలి ప్రయాణానికి ఇది నేను సూచించను.

ఏ హిమానీనదం?

ప్రకటనల్లో "గ్లేసియర్ క్రూజింగ్" అన్న మాట ప్రతి ఓడ పక్కనా కనిపిస్తుంది. అది ఏ హిమానీనదమో పేరు చూడకుండా డబ్బు కట్టకండి. మొత్తం ప్రయాణంలో సాధారణంగా ఒక్క రోజే హిమానీనదం ముందుకు వెళ్తారు. ఆ ఒక్క రోజు కోసమే మిగిలిన ఆరు రోజులూ అన్నా తప్పు లేదు.

గ్లేసియర్ బే జాతీయ ఉద్యానవనం నా దృష్టిలో తొలిసారి వెళ్లేవారికి అన్నిటికన్నా మేలైనది. 18వ శతాబ్దపు మధ్యకాలంలో ఈ అఖాతం మొత్తం మంచుతో నిండి ఉండేది. 1794లో ఇంగ్లండు నుంచి వచ్చిన నావికుడు జార్జ్ వాంకూవర్ బృందం చూసినప్పుడు, ఇప్పుడు మనం ఓడలో వెళ్లే నీటి దారి ఉన్న చోట మంచు గోడ నిలబడి ఉంది. 1916 నాటికి ఆ మంచు సుమారు 100 కిలోమీటర్లు వెనక్కి తగ్గింది. ఈ నేల హూనా ట్లింగిట్ ప్రజల పూర్వీకులది. మంచు ముందుకు తోసుకువచ్చిన కాలంలో వారు ఊళ్లు వదిలి వెళ్లవలసి వచ్చింది. ఇదంతా ఓడ మీదికి ఎక్కే పార్కు రేంజర్లే వివరిస్తారు. ఈ ఉద్యానవనంలోకి రోజుకు రెండే పెద్ద క్రూజ్ ఓడలను అనుమతిస్తారు కనుక ప్రశాంతత ఉంటుంది. దాదాపు పగలంతా లోపలే గడుపుతారు. చివర ఒక మైలు వెడల్పున్న మార్జరీ హిమానీనదం ముందు ఓడ చాలాసేపు నిలుస్తుంది. ఈ అనుమతులు ఎక్కువగా ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, నార్వేజియన్ ఓడలకు ఉన్నాయి. అయినా ఆ కంపెనీల ప్రతి ప్రయాణమూ అక్కడికి వెళ్లదు కాబట్టి, మీ తేదీకి ఉన్న దారిపట్టికలో "గ్లేసియర్ బే" అన్న పేరు స్పష్టంగా ఉందో లేదో చూడండి.

హబ్బార్డ్ హిమానీనదం ఇంకో రకం. ఉత్తర అమెరికాలో సముద్రాన్ని తాకే హిమానీనదాల్లో ఇదే అతి పెద్దది. దాని ముఖం సుమారు 6 మైళ్ల వెడల్పు. ప్రపంచంలో చాలా హిమానీనదాలు వెనక్కి పోతుంటే ఇది ముందుకు వస్తోంది. 1986లోనూ 2002లోనూ పక్కనున్న రసెల్ ఫియార్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నని సముద్రపు పాయ) నోటిని మూసేసి, దాన్ని కొన్ని నెలలు సరస్సుగా మార్చింది. దీన్ని చూడాలంటే అడ్డులేని బయటి సముద్రం వైపు వెళ్లాలి, కాబట్టి ఊపు కొంత ఎక్కువ. తేలే మంచు దట్టంగా ఉంటే ఓడ దూరంగానే ఆగిపోవచ్చు.

మూడోది ఎండికాట్ ఆర్మ్ అనే ఇరుకైన ఫియార్డ్, దాని చివర డాస్ హిమానీనదం. నిలువు గోడల్లాంటి రాళ్లు, వాటి మీంచి జారే జలపాతాలు, నీటిలో నీలిరంగు మంచుగడ్డలు ఉంటాయి. ఇక్కడ సాధారణంగా అర పూటే గడుపుతారు. దీని పక్కనే ఉన్న ట్రేసీ ఆర్మ్‌కు కూడా ఓడలు వెళ్లేవి. 2025 ఆగస్టులో అక్కడ పెద్ద కొండచరియ విరిగిపడి భారీ అలలు లేచిన తరువాత ఓడ కంపెనీలు ఎండికాట్ వైపు మళ్లాయి. పాత ప్రయాణ వర్ణనలు చదివి ట్రేసీ ఆర్మ్ కోసం వెతకకండి.

రేవుల్లో గంటలు లెక్కపెట్టండి

రెండు ప్రయాణాల్లో ఒకే రేవుల పేర్లు ఉన్నా, ఒకదానిలో జూనోలో 12 గంటలు, మరొకదానిలో 6 గంటలు ఉండవచ్చు. వేరే అన్ని వివరాల కంటే ముందు ఈ గంటలను కాగితం మీద రాసుకుని పోల్చండి.

జూనో అలాస్కా రాజధాని, అయినా బయటి ప్రపంచంతో దాన్ని కలిపే రోడ్డు లేదు. విమానంలోనో నీటి మీదో చేరాలి. తిమింగలాలను చూసే పడవలకు ఇది మంచి చోటు. పడవ మీద గడిపే సమయంతోపాటు రేవు నుంచి వెళ్లిరావటానికి పట్టేది కూడా కలుపుకోవాలి. ఊరి నుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న మెండెన్‌హాల్ హిమానీనదాన్ని కూడా అదే రోజు చూడాలంటే కనీసం 8 గంటలు ఓడ ఆగాలి. ఒకేరోజు వచ్చే పెద్ద ఓడలను ఐదుకు పరిమితం చేస్తూ 2024 నుంచి అక్కడ ఒప్పందం అమలులో ఉంది, అయినా మధ్యాహ్నానికి రద్దీ తప్పదు.

స్కాగ్‌వేలో చూడవలసింది రైలు. క్లోండైక్ బంగారం వేటకు జనం ఎగబడిన రోజుల్లో, 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేసిన నారోగేజి మార్గం అది. 20 మైళ్లలో దాదాపు 2,900 అడుగులు ఎక్కుతుంది. నడవలేని పెద్దలకూ, కుదురుగా కూర్చోలేని పిల్లలకూ ఒకేసారి నచ్చే విహారం అలాస్కాలో ఏదైనా ఉందంటే ఇదే. మా నాన్నగారు తక్కిన రేవుల పేర్లు మరిచిపోయారు గానీ, ఆ రైలు వంతెనల గురించి ఇప్పటికీ ఇంటికి వచ్చినవారికి చెబుతారు.

కెచికాన్‌లో ఏటా సుమారు 3,600 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, అంటే మన తెలుగు రాష్ట్రాల సగటు వర్షపాతానికి మూడు రెట్లకు పైగా. ఆ ఊళ్లో వాన పడిందని ప్రయాణం పాడైనట్టు భావించకూడదు. చెక్కిన టోటెమ్ స్తంభాలు, సాల్మన్ చేపలు ఎదురీదే వాగు గొడుగు కిందా అందంగానే ఉంటాయి. కొన్ని ఓడలు ఊరికి కొన్ని మైళ్ల అవతల ఉన్న వార్డ్ కోవ్‌లో ఆగుతాయి కాబట్టి, బస్సు సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. సిట్కా నిదానమైన ఊరు. అలాస్కాను రష్యా 72 లక్షల డాలర్లకు అమ్మాక, 1867లో జెండాలు మార్చింది అక్కడే. ఐసీ స్ట్రెయిట్ పాయింట్ హూనా ట్లింగిట్ వారి ఊరి పక్కనున్న రేవు, తిమింగలాలు తీరానికి దగ్గరగా తిరుగుతాయి. ఈ రెండింటిలో ఒకటి మీ పట్టికలో ఉంటే అది మంచి దారి అనే అనుకోవచ్చు.

బయటివారి దగ్గర విహారాలు బుక్ చేస్తే కొంత డబ్బు మిగులుతుంది. కానీ ఓడ కంపెనీ సొంత విహారం ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, బయటి విహారం ఆలస్యమైతే ఆగదు. పెద్దవారితో వెళ్లేటప్పుడు బయటి విహారానికీ, ఓడ కదలటానికీ మధ్య రెండు గంటలైనా ఖాళీ ఉంచండి.

ఎప్పుడు వెళ్లాలి

ఓడలు ఏప్రిల్ చివరి నుంచి అక్టోబరు మొదటి వారాల వరకు నడుస్తాయి. మే నెలలో వానలు తక్కువ, ధరలు తక్కువ, కొండల మీద మంచు ఇంకా ఉంటుంది. చలి మాత్రం గట్టిగా ఉంటుంది. జూన్ చివర జూనోలో పగలు 18 గంటలకు పైగా ఉంటుంది. జులై, ఆగస్టుల్లో చేపలు వాగులెక్కుతాయి, వాటి కోసం ఎలుగుబంట్లు వస్తాయి. రద్దీ, ధర కూడా అప్పుడే ఎక్కువ. సెప్టెంబరులో వాన ముదురుతుంది, రాత్రులు చీకటిపడతాయి కనుక ఉత్తర ధ్రువకాంతి కనిపించే అవకాశం ఉంటుంది. బడికి వెళ్లే పిల్లలు లేనివారికి మే చివరి వారాలు, ఉన్నవారికి జూన్ రెండో సగం నేను చెప్పే సమయం.

ఇప్పుడు ఓడ

పైవన్నీ తేలాక మిగిలేవి సాధారణంగా మూడు నాలుగు ఓడలే. పిల్లలు 6 నుంచి 15 ఏళ్ల మధ్య ఉండి, ఓడలోనూ ఆటలు కావాలంటే రాయల్ కరీబియన్, నార్వేజియన్ ఓడలు తగినవి. మొదటిదాని పెద్ద ఓడల్లో లోపలి ఆటస్థలాలు, కప్పు ఉన్న ఈతకొలనులు, పైకెత్తి చూపించే గాజు గది ఉంటాయి. వాన కురిసే చోట కప్పు ఉన్న కొలను ఎంత విలువైనదో రెండో రోజుకే అర్థమవుతుంది. రెండోదాని కొన్ని ఓడలకు గ్లేసియర్ బే కూడా ఉండటం దాని బలం. ప్రకృతి చూడటమే ముఖ్యమనుకునే, పెద్దవారు ఎక్కువగా ఉన్న కుటుంబానికి హాలండ్ అమెరికా మధ్యరకం ఓడలు, అన్ని వయసులవారికీ సర్దుకునే ప్రిన్సెస్ ఓడలు బాగుంటాయి. డిస్నీ ఓడల్లో పసివారి సంరక్షణ మిగిలినవాటి కంటే ఎక్కువ, ధర కూడా అలాగే ఎక్కువ. సెలబ్రిటీ అనే కంపెనీ ఓడలు పెద్దలకు నచ్చేవి. పిల్లల క్లబ్బుల్లో సాధారణంగా 3 ఏళ్లు నిండి, డయాపర్లు మానేసినవారినే చేర్చుకుంటారు. 6 నెలలు నిండని పసివారిని, ప్రయాణం ముగిసేలోగా 24వ వారంలోకి వచ్చే గర్భిణులను చాలా కంపెనీలు ఎక్కించుకోవు.

గదుల విషయంలో నాకు తెలిసిన మంచి ఏర్పాటు ఒకటుంది. తల్లిదండ్రులకు బాల్కనీ గది, దానికి ఎదురుగా మీకూ పిల్లలకూ కిటికీలేని లోపలి గది తీసుకోండి. పగలు అందరూ బాల్కనీలో కూర్చోవచ్చు, రాత్రి పిల్లలకు చీకటి దొరుకుతుంది, రెండు బాల్కనీ గదుల ఖర్చు తప్పుతుంది. ఓడ మధ్యభాగంలో, మరీ పైన లేని అంతస్తులో గదులు అడగండి. ఊపు అక్కడే తక్కువ.

భోజనం గురించి బుక్ చేసినప్పుడే రాసి పంపాలి. పెద్ద కంపెనీలు చాలావరకు ముందుగా అడిగితే భారతీయ శాకాహారం వండిపెడతాయి. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌తో మాట్లాడి, మరుసటి రోజుకు ఏం కావాలో ఏ రోజుకారోజు చెప్పడం అలవాటు చేసుకోండి. అన్నం, పెరుగు దొరుకుతాయి. రైస్ కుక్కర్, విద్యుత్ కెటిల్ ఓడలోకి రానివ్వరు, ఇంట్లో వండిన పదార్థాలనూ చాలా కంపెనీలు ఒప్పుకోవు. కంపెనీ సీలు ఉన్న ఆవకాయ ప్యాకెట్లు, పొడులు పెట్టుకుంటే అమ్మానాన్నలకు వారం హాయిగా గడుస్తుంది.

ప్రకటనలో కనిపించే ధర మీద రేవు పన్నులు, టిప్పులు, విహారాలు, ఇంటర్నెట్టు కలుస్తాయి. టిప్పు ఒక్కరికి రోజుకు 17 డాలర్లు అనుకున్నా ఐదుగురికి 7 రాత్రులకు 595 డాలర్లు. తల్లిదండ్రుల విజిటర్ బీమా ఓడలో జరిగే వైద్యానికీ, హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తరలించటానికీ వర్తిస్తుందా అని చూడండి. వర్తించకపోతే ప్రయాణ బీమా విడిగా కొనాల్సిందే. మందులు పెట్టెల్లో పెట్టకుండా చేతిసంచీలో ఉంచండి, ఎందుకంటే ఎక్కిన రోజు పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది.

హిమానీనదం చేరే రోజు ఉదయాన్నే లేవాలి. ఎండాకాలంలోనూ మంచు మీదుగా వచ్చే గాలి ఎముకలు కొరుకుతుంది కనుక, పెద్దలకు మంకీ క్యాపులు, చేతి తొడుగులు, వాన ఆగే కోటు ఉండాలి. ముందు భాగంలో చోటు కోసం జనం తోసుకుంటారు. మీరు తోసుకోనక్కరలేదు. హిమానీనదం ఎదుట ఓడ నెమ్మదిగా చుట్టూ తిరుగుతుంది, కాబట్టి ఏ వైపు గదివారికైనా కనిపిస్తుంది. అమ్మానాన్నలకు దుప్పటి కప్పి బాల్కనీలో కూర్చోబెట్టి, పిల్లలను మాట్లాడకుండా ఉండమనండి. మంచు విరిగినప్పుడు అది నీటిలో పడటం ముందు కనిపిస్తుంది, ఉరుములాంటి శబ్దం ఆ తరువాత చేరుతుంది.